గండి

వేణ్నీళ్ళు వచ్చేదాకా వృథాగా పారే చన్నీళ్ళకి
షవర్ కింద ఒక పాత పెయింటు డబ్బా పెట్టాను.
ముప్పావు నిండేసరికి నీళ్ళు వెచ్చబడతాయి.
ఆ ముప్పావు డబ్బా నిమ్మచెట్టుది.
బియ్యం కడిగిన నీళ్ళు,
కుడితి తాగే గేదె ఈ టూసాన్‌లో లేదు గనక,
దానిమ్మకి.
వాషింగ్ మెషీన్ వదిలినవి
గోడకి కన్నం వేసి మెస్కీట్ మొదట్లోకి.
దానికోసం సబ్బు మార్చాను.
చెట్టుకి పడని సబ్బు నా చొక్కాకెందుకు?

సుగుణమనుకోకండి.
బిల్లు చూసి మొదలుపెట్టాను,
తరవాత చేతికి అలవాటైంది.

ఎదురింటి ఎర్నెస్తీనా బుస్తమాంతేకి
పచ్చిక ఉంది.
కంకర పరుచుకున్న మా వీధి మొత్తానికి
అదొక్కటే పచ్చ.
రోజూ సాయంత్రం స్ప్రింక్లర్ తిరుగుతుంటే
దారినపోయే కుక్కలు ఆగి నాలుక చాపేవి.

మాట్లాడి రమ్మని వీధివాళ్ళు నన్ను పంపారు.
ఆవిడ కాఫీ ఇచ్చింది.
నేను నీళ్ళు నమిలాను
(ఈ ఊళ్ళో అదీ దుబారాయే).
తనే చెప్పింది:
రామీరో రాగి గనిలో ఇరవై ఆరేళ్ళు చేశాడు,
వచ్చి బూట్లు విప్పి, అదిగో అక్కడ,
పైపు పట్టుకుని నిలబడేవాడు.
ఆ పది నిమిషాలూ
ఎవరిమీదా కేకలేసేవాడు కాదు.

కప్పు కడిగిచ్చి వచ్చేశాను.
ఆవిడ ఇంట్లో లేదని అందరికీ చెప్పాను.

మే నెలలో ఆవిడే వచ్చింది, పలుగు అరువడగడానికి.
స్ప్రింక్లర్ తట్టుకుని పడ్డానంది.
అది కారణం కాదని ఇద్దరికీ తెలుసు.

మూడు శనివారాలు తవ్వాం.
బెర్ముడా అని వీళ్ళు పిలిచేది మన గరికే,
వినాయకుడి నెత్తిన పెట్టే గరికే.
ఒక కణుపు మట్టిలో మిగిలినా చాలు దానికి.
పేరు చెప్పాను.
గరిక, గరిక, అని రెండుసార్లు అంది,
మూడోసారి అనకుండా పీకింది.
అడుగు లోతున సుద్దరాతి పొర తగిలి
పలుగు మోగితే
మోచేతులదాకా మోగాం.

ఆఖర్న ఒకతను రంపంతో వచ్చి
రోడ్డంచు సిమెంటు కట్టని రెండడుగులు కోశాడు,
వీధిలో పారే వాననీళ్ళు
మేం తవ్విన గుంటలోకి మళ్ళడానికి.
ఊరివాళ్ళ అనుమతి కాగితం కూడా ఉంది.
గండి, అన్నాను పైకే.
అంటూనే ఒళ్ళు జలదరించింది.
గండి పడిందంటే మా అమ్మమ్మవాళ్ళు
బియ్యం బస్తాలు అటకెక్కించి
రాత్రంతా లాంతరుతో కట్టమీద తిరిగేవాళ్ళు.
నేనేమో నిలబడి
డబ్బిచ్చి కొట్టిస్తున్నాను.

జూలై పదమూడు, నాలుగున్నర.
ముందు క్రియసోట్ పొదల వాసన,
తరవాత దుమ్ము,
తరవాత నిజంగానే వాన.
వీధి వీధంతా ఎర్రగా కదిలి వచ్చింది
సిగరెట్ పీకలు, చిప్స్ సంచి,
ఎవరిదో టెన్నిస్ బంతి మోసుకుంటూ.
గండి దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది
కొత్త చుట్టరికం ఇంటి గుమ్మంలో ఆగినట్టు.
తిరిగింది. లోపలికొచ్చింది.

ఎర్నెస్తీనా వరండా దిగింది.
చెప్పులు విడిచి,
అదిగో అక్కడే,
పాదాలు మునిగేలా నిలబడింది.
నేను ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను,
ఏదో జరుగుతుందని.
"చూస్తావేం, ఆ బంతి పట్టుకో!"
వీధి చివరిదాకా వినపడేలా కేకేసింది.

ఆగస్టు వచ్చేసరికి
గుంట గట్టున, పాలోవెర్దే మొక్క పక్కన,
మూడు పోచలు.
గరిక.

ఇద్దరం చూశాం.
పలుగు ఇంకా ఆవిడ వరండాలోనే ఉంది.
కాఫీ తాగుతూ కూచున్నాం.